ఎడమ గుడ్డు

చిరంజీవి తమ్ముడికి, ఎవరిచేతా రాయించకుండా అక్క తన కోడిగీతలతో తానే దీవించి రాస్తున్నది.

నీ ఒంట్లో ఎలా ఉంది? మరదలి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చంటిదాని దగ్గు తగ్గిందా? మీ మామగారి ఆయాసం? నాకు బీపీ, అది మామూలే.

నీ కార్డు చదివి నీరుగారిపోయాను. ఎడమ గుడ్డు ఎండి చిన్నదైపోయింది, తీసేయాలంటున్నారు అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నావు. రోజంతా గడియారాల మీద వంగి కూర్చోవద్దని మొత్తుకున్నాను, విన్నావా? ఇక నీ పని ఎలా సాగుతుంది?

బెంగతో,
అక్క

తా.క. తీసినదాన్ని పారేయనివ్వకు. మళ్ళీ పెట్టించుకోవాల్సి వస్తే?

*

అక్కకు నమస్కారాలు.

అందరం బాగానే ఉన్నాం. కూర్చోవడం వల్ల కాదట. నా పనికీ దానికీ సంబంధం లేదు. ఎన్నేళ్ళ నుంచో ఒక్కదానితోనే నెట్టుకొస్తున్నాను. రెండోది బాగుంటే దేనికీ లోటుండదన్నాడు డాక్టరు. కావాలంటే ఆ చోట సిలికాన్‌ది పెడతాడట. వద్దన్నాను. ఎవరు చూడొచ్చారు?

నీ తమ్ముడు

తా.క. నీ మరదలే పెళ్ళయిన ఆరేళ్ళకు గానీ గమనించలేదు.

*

తమ్ముడికి దీవెనలు.

ఎవరు చూడొచ్చారేమిటిరా? కొట్టుకొచ్చిన ప్రతివాడూ ముందు దాన్నే చూస్తాడు. ఆరేళ్ళు మొగుడి ముఖం చూడని మరదలిని ఏమనాలి? మీ బావ నల్లకళ్ళద్దాలు పార్సిల్ చేశాను. ఆయన పోయాక ఎవరూ వాడలేదు. ఇక్కడి కంటాసుపత్రికి వెళ్ళి, నా కన్ను ఒకటి తీసి మా తమ్ముడికి పెట్టమని అడిగాను. బతికున్నవాళ్ళవి తీయరమ్మా అంది నర్సు. అయితే నేను పోయేదాకా ఆగమని మీ డాక్టరుతో చెప్పు. ఎక్కువ రోజులు పట్టదు.

అక్క

తా.క. చుట్టుపక్కల అందరికీ చెప్పాను. ఇల్లిల్లూ నీ ఎడమ గుడ్డు కోసం ప్రార్థిస్తోంది.

*

అక్కా,

కళ్ళద్దాలు అందాయి. అది కన్ను కాదు. నడుం కింది సంగతి. మగవాళ్ళకుండే జతలో ఒకటి. అక్కవి కదా, ఆ మాట రాయలేక గుడ్డు అన్నాను.

స్కాన్‌లో దాని మీద చిన్న ముద్ద కనిపించింది. కేన్సరో కాదో మొత్తం తీసి పరీక్ష చేస్తేగానీ చెప్పలేరట. సూదితో గుచ్చి చూడకూడదట, ఉంటే పాకుతుందట. సిగ్గేసి రెండుసార్లు తేదీ మార్పించాను. ఇప్పుడు పదమూడు అన్నారు. వెళ్ళనేమో.

చిన్నప్పుడు ఉన్నట్టుండి అక్కడ నొప్పి వచ్చిందా అని డాక్టరు అడిగాడు. మెలిపడితే రక్తం అందక ఎండిపోతుందట. గుర్తు లేదన్నాను.

నీ తమ్ముడు

తా.క. ప్రార్థనలు ఆపకు. దేనికోసమో మాత్రం మళ్ళీ చెప్పకు.

*

నా తమ్ముడికి,

వచ్చింది. అప్పుడు నీకు పదకొండేళ్ళు, అమ్మ పోయిన ఏడాది. బడి నుంచి వంగిపోయి వచ్చి వాంతి చేసుకున్నావు. లాగు విప్పి చూపించబోతే చేతి మీద కొట్టి, "సిగ్గులేదూ, ఎవరైనా వింటారు, నోరు మూసుకో" అన్నాను. నాన్న అడిగితే కడుపునొప్పని చెప్పి ఉప్పు కాపడం పెట్టాను. నోరు మూసుకోమన్నానని మూడు రోజులు పళ్ళబిగువున పడుకున్నావు. నాలుగో రోజు నొప్పి పోయింది. నయమైందని సంబరపడ్డాను. చచ్చిపోయిందని ఇప్పుడు తెలిసింది.

నీకు నిజంగా గుర్తు లేదో, నా కోసం లేదన్నావో అడగను. డాక్టరుతో నేనే చెబుతాను. దాన్ని దాని పేరుతోనే చెబుతాను, వరండాలో ఎంతమంది వింటే అంతమంది విననీ. ఈసారి తేదీ మార్చావంటే నన్ను చంపుకున్నట్టే.

అక్క

తా.క. పన్నెండో తేదీ, బుధవారం, పొద్దుటి బస్సుకు వస్తున్నాను.