పది సీట్ల బండికి మార్కులు

22 జూన్ 2003, ఆదివారం

ట్రయల్ ఆఖరి రోజు. ఉదయం మా అమ్మాయి మధులత, నేను బండి తీసుకుని పాలకొల్లు వెళ్ళాం. అనంతకృష్ణకి తాళాలు ఇచ్చేశాను. అతను మా ఆవిడ ఉమాశ్రీ తమ్ముడు. బండి అతనిదే.

“ఏ సంగతీ చెప్పండి బావగారూ. ఉంచుకుంటారా, వద్దా?”

“మార్కులు ఇంకా కూడలేదు” అన్నాను.

అతను కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు.

భోజనం చేసి బస్సెక్కాం. రావులపాలెంలో మారాం. పొద్దు ఉండగానే రామచంద్రపురం చేరాం.

రేపు మధ్యాహ్నం లోపల రాజమండ్రి కాలేజీ వాళ్ళకి మధు హాస్టల్లో చేరుతుందో లేదో చెప్పాలి. బండి పాసైతే హాస్టల్ అక్కర్లేదు. ఫెయిలైతే హాస్టలే. రోజూ బస్సులో అంత దూరమంటే పిల్ల నలిగిపోతుంది కాబట్టి మూడో దారి లేదు. ఇదంతా నేనే నిర్ణయించాను.

కూడదామని డైరీ వెనక్కి తిప్పాను.

12 జూన్, గురువారం

బండి వచ్చింది! తెల్లది. డీజిల్. పది సీట్లు. మా సందులోకి ఏనుగు వచ్చినట్టు వచ్చింది.

కొనడం ఇప్పుడు కాదు. ఏడాది తిరక్కుండా ఇంట్లోకి కొత్త బండి రాకూడదని అమ్మ పట్టు. ఉమ పోయి ఏడు నెలలు. అందుకని అనంతకృష్ణ పది రోజులు వాడి చూడమన్నాడు. నచ్చితే దగ్గరే ఉంచుకోమన్నాడు, కొనే మాట కార్తికం దాటాక మాట్లాడుకుందామన్నాడు.

ఇంతకాలం ఎకనామిక్స్ పేపర్లు దిద్దినవాణ్ణి, ఒక బండిని దిద్దలేనా?

పథకం: ఉదయం మధుని రాజమండ్రి కాలేజీలో దింపాలి. పదిన్నరకి ఇక్కడ నా క్లాసుకి రావాలి. సాయంత్రం మళ్ళీ వెళ్ళి తేవాలి. పిల్ల ఇంట్లోనే ఉంటుంది. రాత్రి భోజనానికి ముగ్గురం ఉంటాం.

మార్కులు: సమయానికి చేర్చడం 40. సౌకర్యం 30. మా సందులో తిప్పడం 15. డీజిల్ ఖర్చు 15. పాసు ముప్ఫై అయిదే అయినా, కన్నకూతురి వ్యవహారం గనుక 60 పెట్టాను.

నిబంధనలు:
గ్రేస్ మార్కులు లేవు.
కుటుంబ సభ్యులు తప్ప ఎవరూ ఎక్కకూడదు. ఊరంతా ఎక్కితే బండి కుటుంబానికి పనికొస్తుందో లేదో ఎలా తేలుతుంది?

“ముగ్గురికి పది సీట్లేంటండీ మాస్టారూ?” అని ఎదురింటి రామలక్ష్మిగారు అడిగారు.

“ట్రయలండి” అన్నాను.

అడిగినదానికి అది జవాబు కాదు. నా విద్యార్థి రాస్తే సున్నా వేసేవాణ్ణి.

13 జూన్, శుక్రవారం

అయిదింటికే లేచి బండి తుడిచాను. మొదటి రోజు గనుక అమ్మ కూడా బయల్దేరింది. అమ్మా మధూ మధ్య వరుసలో కూర్చున్నారు. ముందు, నా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. రమ్మని నేనూ అనలేదు.

మండపేటలో ఒకాయన చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. కిటికీలో తల పెట్టాడు.

“రాజమండ్రికి ఎంతండీ?”

“ఇది కిరాయి బండి కాదండి.”

“మరి ఓనర్లు వెనకాల కూర్చున్నారేంటండీ?”

మధు నవ్వింది. పైకి వినిపించేలా నవ్వింది.

ఎనిమిది దాటగానే కాలేజీ. పదింపావుకి తిరిగి ఇల్లు. అద్భుతం! సమయానికి 40. సౌకర్యానికి ఉత్సాహంలో 30కి 31 వేశాను. దిద్దుకున్నాను.

14 జూన్, శనివారం

ఇవాళ సందులో తిప్పడం పరీక్షించాను. వీధి వీధంతా బయటికొచ్చి సాయం చేసింది. ఒకరు “రానీండి, రానీండి” అన్నారు. అదే క్షణంలో ఇంకొకరు “ఆపండి బాబోయ్” అన్నారు. ఇద్దరూ కరెక్టే. ఒకరు ముందు చక్రం చూస్తున్నారు, ఇంకొకరు వెనక చక్రం.

చక్రం రామలక్ష్మిగారి ముగ్గు మీదుగా పోయింది.

“పర్లేదండి మాస్టారూ, రేపట్నించి చిన్నది పెడతాన్లెండి.”

15కి 4. ముగ్గు చిన్నదవుతోంది గనుక 6. ఇది గ్రేస్ కాదు. పరిస్థితుల్లో వచ్చిన మార్పు.

16 జూన్, సోమవారం

వీధి చివర కొబ్బరికాయల వర్తకం చేసే చిట్టియ్య సంచితో నిలబడి ఉన్నాడు.

“రాజమండ్రేనాండీ మాస్టారూ? ఒక్కణ్ణేనండీ. ఆయ్!”

నిబంధన చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చుని, బాగా సర్దుకుని, “పోనీండి” అన్నాడు.

దారంతా మాట్లాడాడు. కొబ్బరి ధర. ఎండు కొబ్బరి ధర. అల్లుడి కోపం. కడియం దగ్గరికి వచ్చేసరికి నాకు ప్రాణం తేలికపడినట్టు అనిపించింది. ఎందుకో ఆలోచించలేదు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను, నిబంధన తప్పానని.

“అది మన బండి కాదు కదరా భాస్కరం. మనదైతే మనవాళ్ళే ఎక్కాలి. పరాయి బండికి అలాంటి పట్టింపేంటి? ఎక్కనీ, పుణ్యం.”

తర్కంలో లోపం ఉంది. కనిపెట్టలేకపోయాను.

17 జూన్, మంగళవారం

లోడ్ టెస్ట్. కుటుంబ బండి అన్నాక నిండా మనుషులతో ఎలా నడుస్తుందో చూడాలి కదా. ఇది నిబంధన తప్పడం కాదు.

ఎక్కినవారు: చిట్టియ్య, చిట్టియ్య వియ్యంకుడు, కంటాసుపత్రికి వెళ్ళే పాపాయిగారు, ఆవిడ కోడలు, కోడలికి తోడుగా ఇంకొకావిడ. రెండు గెలల కొబ్బరి బొండాలు. వచ్చేటప్పుడు కడియం నుంచి మల్లె మొక్కలు.

కాలేజీ దగ్గర మధు దిగేసరికి గంట కొట్టేశారు. సౌకర్యానికి మార్కులు ఎవరినడగాలి? పాపాయిగారిని అడిగాను.

“మెత్తగా ఉంది బాబూ, మా ఇంట్లో మంచం కన్నా నయం” అన్నారు. మధుని అడగలేదు. పిల్లలు ఫిర్యాదులు చెబుతారు.

18 జూన్, బుధవారం

తాళం తియ్యబోతే ముందు సీటు మీద కండువా ఉంది. చిట్టియ్య నిన్న సాయంత్రమే అద్దం సందులోంచి వేసి సీటు పట్టుకున్నాడు.

వీధి చివర ఏడుగురు. నన్ను చూసి ఒకావిడ “లేవండే, మన బస్సొచ్చింది” అంది. పాపాయిగారు నాకు ఉప్మా పొట్లం తెచ్చారు. డ్రైవర్లు పొద్దున్నే ఏమీ తినరట.

మధు చివరి సీట్లో, ఒళ్ళో పుస్తకాల సంచి, పాదాల మీద బొండాల గెల.

డీజిల్: 15కి 8. నేను ఎకనామిక్స్ లెక్చరర్నన్న సంగతి దృష్టిలో పెట్టుకుంటే ఇంకా తగ్గించాలి.

19 జూన్, గురువారం

ద్వారపూడిలో ఒకరు దిగారు. దిగినవారి సంచి బండిలోనే ఉండిపోయింది. వెనక్కి తిప్పాం. సంచి ఇచ్చాం. ఆయన కాఫీ తాగి వెళ్ళమన్నాడు. కాదనడం బాగోదు కదా!

మధుని మొదటి పీరియడ్‌కి లోపలికి రానివ్వలేదు. నా క్లాసుకి నేను ముక్కాల్గంట ఆలస్యం. పిల్లలు “పర్లేదు సార్” అన్నారు. వాళ్ళ ముఖాల్లో అంత దయ నేనెన్నడూ చూడలేదు.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బండిలో మధు, నేనే.

“నాన్నా, అంతమందిని ఎందుకు ఎక్కిస్తున్నావు?”

“అడుగుతారు కదమ్మా. ఎలా కాదంటాం?”

“వాళ్ళు అడగట్లేదు నాన్నా. వాళ్ళు కనిపించగానే నువ్వే హారన్ కొడుతున్నావు.”

మార్కులు వెయ్యలేదు.

20 జూన్, శుక్రవారం

గట్టి నిర్ణయం. ఈ రోజు నుంచి కుటుంబ సభ్యులే. వీధి చివరికి పోకుండా కాలవ గట్టు మీదుగా దొంగలా బయటపడ్డాం.

మధు వెనక కూర్చుని చదువుకుంటోంది. నా పక్కన ఖాళీ. ఇంజను చప్పుడు ఇంత ఉంటుందని ఇవాళే తెలిసింది.

“పాటలు పెట్టనా?”

“వద్దు నాన్నా. టెస్ట్ ఉంది.”

ద్వారపూడి దాకా ఓర్చుకున్నాను. అక్కడ రోడ్డు పక్క ఒక ముసలాయన చెయ్యెత్తాడు. ఆపాను. ఎక్కండి, ఎక్కండి అన్నాను. ముందు తలుపు నేనే తీశాను. ఎక్కాడు. కడియంలో “ఇక్కడ దింపెయ్యండి బాబూ” అన్నాడు.

“ఇక్కడేం పనండీ?”

“పనేం లేదండి. ద్వారపూడి వెళ్ళే బస్సు కోసం నిలబడతాను.”

“మరి చెయ్యెత్తారు కదా?”

“తల గోక్కున్నానండి. తమరు అంత ఇదిగా పిలిచారని ఎక్కాను.”

21 జూన్, శనివారం

డీజిల్ కొట్టించడం మరిచాను. మధు బస్సులో వెళ్ళింది. బండి కదలకపోవడం చూసి రామలక్ష్మిగారు పెద్ద ముగ్గే పెట్టారు, చక్రాల చుట్టూ తిప్పి.

చీకటి పడకముందే మధు వచ్చింది. వంటింట్లో నానమ్మతో గడగడా ఏదో చెబుతోంది. ఇద్దరి నవ్వూ హాల్లోకి వినపడింది. నేను వెళ్ళేసరికి ఆపేశారు.

బస్సుకి మార్కులు వెయ్యలేదు. సిలబస్‌లో లేదు.

22 జూన్, ఆదివారం, దీపాలు పెట్టాక

కూడాను. సమయం 22, సౌకర్యం 22, సందు 6, డీజిల్ 8. మొత్తం 58.

రెండు తక్కువ! దిద్దే క్యాంపులో ఇలాంటి పేపరు వస్తే పక్కవాణ్ణి పిలిచి చూపిస్తాం. ఎక్కడో ఒకచోట రెండు దొరుకుతాయి. మధుని పిలిచాను.

“బండికి యాభై ఎనిమిది వచ్చిందమ్మా. రెండు కలపనా?”

తల తుడుచుకుంటూ నిలబడింది.

“వద్దు నాన్నా. నేను బస్సులో వెళ్తాను. మా క్లాసు వాళ్ళు నలుగురు ఆ బస్సుకే వస్తారు. ఇద్దరు ఇక్కడే ఎక్కుతారు, ఇద్దరు మండపేటలో.”

“నలిగిపోతావు.”

“బొండాల కన్నానా?”

“మరి హాస్టల్?”

“హాస్టల్ ఎవరడిగారు? నువ్వే అన్నావు. నేను ఇక్కడే ఉంటాను.”

“దాన్ని ఒక్కసారైనా అడిగావట్రా?” అని వంటింట్లోంచి అమ్మ గొంతు. ఆవిడకి ఏ గోడా అడ్డం కాదు.

“ఈ పది రోజుల్లో ఒక్క మాట చెప్పొచ్చు కదా మధూ.”

తువ్వాలు మడత పెట్టింది. మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టింది.

“రోజూ అయిదింటికి లేచి బండి తుడుస్తున్నావు. అమ్మ పోయాక నువ్వు ఎనిమిదయ్యేదాకా మంచం దిగేవాడివి కాదు. ఇప్పుడు వద్దంటే మళ్ళీ లేవవేమోనని... నానమ్మ కూడా చెప్పొద్దంది.”

“సరే, అన్నం తిందాం” అన్నాను. ముగ్గురం తిన్నాం. అమ్మ నాకు రెండోసారి పప్పు వేసింది. వద్దనలేదు.

దిద్దేటప్పుడు పేపరు మీద పేరుండదు, నెంబరే ఉంటుంది. ఇంట్లో ఎవరి పేపరు ఎవరు దిద్దుతున్నారో ఈ పది రోజులూ నాకు తెలియలేదు. వాళ్ళిద్దరూ నాకు ఎన్ని వేశారో అడగలేదు. పాసైతే చాలు.

బండి ఫెయిల్. అనంతకృష్ణకి ఉత్తరం రాస్తాను. చిట్టియ్య బండిలో మరిచిపోయిన కండువా నా దగ్గరుంది, తిరిగి ఇవ్వాలి.

కొత్త వాల్యుయేషన్ మొదలు: బస్సు. గ్రేస్ లేదు. మార్కులు మధు వేస్తుంది. నిబంధన ఒక్కటే, నేను ఎక్కకూడదు. మండపేట దాకా కూడా.

రేపు ఉదయం అయిదింటికి లేస్తాను. తుడవడానికి బండి లేదు. స్కూటరు తుడుస్తాను. దాని మీద మధుని బస్టాండుకి తీసుకెళ్తాను. బస్సు కదిలాక హాస్టల్ వాళ్ళకి ఫోన్ చేసి, మా అమ్మాయి ఇంట్లోనే ఉంటుందని చెబుతాను.