అమ్మకు యాభై తొమ్మిదే

నాయినా,

చేను నుంచి రాగానే అమ్మకు అన్నం పెట్టి, పదకొండింటి బస్సుకు ఖమ్మం దవాఖానాకు మళ్లీ తీసుకుపో. పింఛను కోసం ఆధార్‌లో ఆమె వయసు పదేళ్లు పెంచి నువ్వే రాయించావని డాక్టరుకు నీ నోటితోనే చెప్పు. నేను ఇప్పుడే భద్రాచలం డ్యూటీకి బయల్దేరుతున్నాను, లేకపోతే నేనే చెప్పేదాన్ని.

నిన్న రక్తపరీక్షలో ఒంటి వయసు, అంటే ఒళ్లు ఎంత ముసలిదైందనే లెక్క, అరవై ఐదు వచ్చింది. కార్డులో అరవై తొమ్మిది ఉంది కాబట్టి మనిషి గట్టిగానే ఉంది, ఏడాది దాకా రానక్కర్లేదని డాక్టరు పంపించేశాడు. నువ్వేమో తండా అంతా గొప్పగా చెప్పుకొచ్చావు. అమ్మకు నిజంగా యాభై తొమ్మిదే కదా. అంటే ఒళ్లు ఆరేళ్లు ముందే ముసలిదైపోయింది. మతిమరుపు ముదరకముందే చూపించాలనే కదా అంత దూరం తీసుకెళ్లింది? పక్కనే కూర్చుని నోరెందుకు విప్పలేదు? పింఛను పోతే పోనీ.

సరళ

తా.క. నిన్న దవాఖానాలో అమ్మకు చేసిన జ్ఞాపకశక్తి పరీక్ష కాగితం ఇప్పుడే చదివాను. వయసెంతని అడిగితే అమ్మ యాభై తొమ్మిదని సరిగ్గానే చెప్పింది. దాని పక్కన తప్పు అని రాశారు. నువ్వేమో "అవ్ సారూ, గిట్లనే మర్చిపోతది" అన్నావట. పొద్దుటి నుంచి అమ్మ వాకిట్లో కూర్చుని తన వయసు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది.