గట్టి బూట్లు వేసుకోండి

థార్న్‌బీ, నార్ఫోక్
డిసెంబరు 3, 1984

గౌరవనీయులైన గాథర్‌కోల్ గారికి,

నమస్కారాలు. మా ఆయన క్లెమ్ నేలలో లోహం వెతికే మెటల్ డిటెక్టర్ పెట్టెలో మీ పాత నాణేల వేట సంఘం చిరునామా దొరికింది. ధైర్యం చేసి రాస్తున్నాను. ఆయన సముద్రంలో చమురు బావి పనికి వెళ్లారు, క్రిస్మస్ ముందురోజు గానీ రారు.

మా అత్తగారింట్లో ఏటా క్రిస్మస్ పుడ్డింగ్‌లో విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి నాణెం ఒకటి వేస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు ఏడాదంతా కలిసొస్తుంది. అత్తగారి ముత్తవ్వ నాటి నాణెమట. కొత్త కోడలినని ఈసారి పుడ్డింగ్ కలిపే పని నాకిచ్చారు. కడగడానికి నాణేన్ని నీళ్ల గిన్నెలో వేశాను. తర్వాత ఆ గిన్నె తీసుకెళ్లి కోళ్ల దొడ్డిలో కుమ్మరించాను. పుడ్డింగ్ గుడ్డలో మూటగట్టి ఉడికించాక గుర్తొచ్చింది.

క్రిస్మస్ భోజనంలోపు నాణెం దొరకాలి. లేకపోతే ఆవిడకు నా మొహం చూపించలేను. చలికి యంత్రం రెండు మూలుగులు మూలిగి ఆగిపోతోంది. నేల బండలా ఉంది. ఏం చేయమంటారు?

ఇట్లు,
హెట్టీ స్కార్ఫ్

తా.క.: కవరు మీద సంఘం పేరు వేయకండి. అత్తగారు ఎక్కువగా మాట్లాడరు గానీ, అన్నీ చదువుతారు.

*

నారిచ్
డిసెంబరు 6

శ్రీమతి స్కార్ఫ్ గారికి,

పుడ్డింగ్ సంగతి నాకు అర్థం కాలేదు. విక్టోరియా వెండి సంగతి అర్థమైంది. సంతోషం.

చలికి ముందు చచ్చేది బ్యాటరీయే. బయలుదేరే దాకా దాన్ని కోటు లోపల, ఒంటికి ఆనించి ఉంచండి. యంత్రం అడుగున ఉండే చక్రానికి ప్లాస్టిక్ సంచి తొడగండి. లోపల ఉన్ని గ్లవుజులు, పైన రబ్బరువి. ఉదయం తవ్వకండి, పార విరుగుతుంది. ముందురోజే నేల మీద గోనెపట్టాలు పరిచి, మధ్యాహ్నం ఎండ తగిలాక తవ్వండి. తీసిన గడ్డిపెళ్లను మళ్లీ అక్కడే పెట్టి తొక్కండి. అన్నిటికంటే ముఖ్యం, కాళ్లు తడవకూడదు. గట్టి బూట్లు వేసుకోండి.

భవదీయుడు,
ఆర్నల్డ్ గాథర్‌కోల్, కార్యదర్శి

తా.క.: స్థలం యజమాని అనుమతి తీసుకున్నారా? అది లేకుండా తవ్వితే దొంగతనం.

*

థార్న్‌బీ
డిసెంబరు 11

గాథర్‌కోల్ గారికి నమస్కారాలు.

అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. నా బూట్లు కారుతున్నాయని క్లెమ్ పనిలో వేసుకునే పాత బూట్లు తొడుక్కున్నాను. పెద్దవైతే లోపల పత్రికలు కుక్కాను. బ్యాటరీ రవికెలో దోపుకున్నాను. అది చూసి అత్తగారు, "ఆ గుండె మీద వాపేంటమ్మాయ్? జలుబు దిగిందా?" అని నన్ను కూర్చోబెట్టి వీపంతా బాతుకొవ్వు రాశారు. ఇప్పుడు కోళ్లు కూడా నన్ను చూసి దూరం జరుగుతున్నాయి.

యంత్రం మాత్రం బాగా పలుకుతోంది. బాగా అంటే, ఎక్కడ అడుగేస్తే అక్కడ అరుస్తోంది. తవ్వితే ఏమీ లేదు. పక్కకు జరిగితే అక్కడా అరుస్తుంది. దొడ్డి నిండా గుంటలే.

ఇట్లు,
హెట్టీ

తా.క.: స్థలం యజమాని మా అత్తగారే. ఆవిడను అడగలేను. అడగగలిగేదాన్నయితే మీకు ఉత్తరం రాసేదాన్నే కాదు.

*

నారిచ్
డిసెంబరు 13

శ్రీమతి స్కార్ఫ్ గారికి,

ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దొడ్డంతా పలుకుతోందంటే అడుగున పెద్ద నిధి ఉందన్నమాట! మీ నాణెం పైకి తేలింది మాత్రమే. ఎవరికీ చెప్పకండి. ఈ ఆదివారం మా సంఘం సభ్యులందరితో వస్తున్నాను.

భవదీయుడు,
గాథర్‌కోల్

తా.క.: మీకు మొహమాటమన్నారు కదా! అనుమతి కోసం మీ అత్తగారికి నేనే ఉత్తరం వేశాను.

*

థార్న్‌బీ
డిసెంబరు 15

అయ్యా,

ఆ ఉత్తరం అత్తగారు చదివి, గడియారం వెనక పెట్టారు. దయచేసి రావద్దు.

హెట్టీ

*

నారిచ్
డిసెంబరు 17

శ్రీమతి స్కార్ఫ్ గారికి,

మీ ఉత్తరం మేము బయలుదేరాక అందింది.

నిన్న మా వాళ్లంతా మంచులో మోకాళ్ల మీద పాకారు. ఏ యంత్రమూ పలకలేదు, మీ చేతిలోది తప్ప. మీ అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ముందు మావాడి బూట్లు విప్పు. వాటి ముక్కుల్లో ఇనుప రేకు ఉంది" అనకపోయి ఉంటే మేము ఇంకా అక్కడే ఉండేవాళ్లం. ఆ ముక్క మీరు మొదటే రాయాల్సింది.

గాథర్‌కోల్

తా.క.: టీ మాత్రం బాగుంది.

*

థార్న్‌బీ
డిసెంబరు 27

గాథర్‌కోల్ గారికి,

క్షమించండి. మీరు వెళ్లాక కూడా నాణెం దొరకలేదు. పండగ రోజు నాణెం లేని పుడ్డింగునే కోసి అందరికీ పెట్టాను. క్లెమ్ రెండో ముద్దకే "అబ్బా, పన్ను!" అన్నారు. నోట్లోంచి విక్టోరియా రాణి బయటికి వచ్చింది.

గిన్నెలు కడిగేటప్పుడు ఇక ఉండబట్టలేక అడిగాను. "ఇదెక్కడిది అత్తయ్యా?"

"సంతలో కొన్నా. నువ్వు దొడ్లో తవ్వుతుంటే మూట విప్పి దూర్చా. నువ్వు గిన్నె కుమ్మరించడం కిటికీలోంచి చూశాలే."

"మరి నాకు చెప్పలేదే?"

"నువ్వు చెప్తావని నేను చూశా."

"మరి మీ ముత్తవ్వగారి నాణెం ఆ దొడ్లోనే ఉందిగా!"

అత్తయ్య గిన్నె తోముతూనే అన్నారు. "నువ్వు పారబోసిందీ సంతదే. అసలుది ఈ ఇంట్లో నా మొదటి క్రిస్మస్‌కి నేనే కోళ్ల మేతతో పాటు పోశా. అప్పట్నుంచీ పోయినప్పుడల్లా ఇంకోటి కొంటున్నా. మీ మామగారు రెండు మింగారు. ఎవరికీ చెప్పకు."

మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

సెలవు,
హెట్టీ

తా.క.: ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అత్తయ్యే రబ్బరు బూట్లేసుకుని డిటెక్టర్‌తో దొడ్డి తిరుగుతున్నారు. బ్యాటరీ రవికెలో దోపుకున్నారు. వీపుకు కొవ్వు నేనే రాశాను. కోడి మింగిన నాణేన్ని యంత్రం పసిగడుతుందా అని మిమ్మల్ని అడగమన్నారు. ఆ కోడిని ముప్పై ఏళ్ల కిందటే తినేశారట.