ఐదో నంబరు కోడి

మా బంగారు తల్లి తాక్కోకి,

నాన్న దీవించి రాస్తున్నాడు. ఇక్కడ మనుషులకు శాంతి, పశువులకు శాంతి, గడ్డికీ పాలకూ కూడా శాంతే. నీ ఒంటికీ నీ చదువుకూ అలాగే ఉండాలని మీ అమ్మా నేనూ కోరుకుంటున్నాం. నీ ఉత్తరం అంది రెండు వారాలైంది. అప్పుడు జవాబు రాయకుండా, అంతా బాగుందని చెప్పమని నీతో పనిచేసే బొకార్‌తో నోటిమాట పంపాను. దానికి కారణం ఉంది, చెబుతాను. ముందు సంతోషం చెప్పనీ. అక్షరాలు వంకర పోతే నాకు ఈ వయసులో రాత నేర్పిన బడిని మాత్రం తిట్టకు.

జబ్బు జాడ తెలియాలని నువ్వు నంబరు ఉంగరాలు తొడిగి నీటి గుంట పక్కన పెట్టించిన పన్నెండు కోళ్ల రక్తం తీయడానికి బొకార్ ఈ ఉదయం మోటారుసైకిల్ మీద వచ్చాడు. పోయినసారి తీసిన రక్తం ఫలితం చీటీ మీద రాసి తెచ్చాడు. రెండో నంబరు కోడికీ తొమ్మిదో నంబరు కోడికీ రక్తంలో గుర్తు కనిపించిందట! జబ్బు వచ్చిందని సంబరపడే తండ్రిని నువ్వెక్కడా చూసి ఉండవు. కానీ నువ్వు చెప్పింది చెప్పినట్టే జరిగిందమ్మా. ఒక్క గుర్రం కూడా పడకముందే ఆ రెండు కోళ్లూ మనకు కబురు చెప్పాయి. మా చిన్నప్పుడు వానాకాలంలో గుర్రాలు వెనక కాళ్లు ఈడ్చుకుంటూ పడిపోయేవి. గాలి సోకిందనేవాళ్లం, తాయెత్తు కట్టేవాళ్లం, తర్వాత పూడ్చేవాళ్లం. దోమ కుట్టిందని ఎవరికి తెలుసు?

ఇక నీ ప్రశ్నలు. నాలుగు అడిగావు. గుంట దగ్గరికి ఏ పక్షులు వస్తున్నాయన్నది మొదటిది. నీళ్లు నిండుగా ఉన్నాయి. కొంగలు వచ్చాయి, గువ్వలు ఎప్పుడూ ఉన్నవే, ఎర్రముక్కు పిచ్చుకలైతే వాలినప్పుడల్లా తుమ్మకొమ్మలు వంగిపోతున్నాయి. నేను రోజూ పొద్దు వాలే వేళ కోళ్ల గూడు పక్కనే చాప వేసుకుని చూస్తున్నాను. గడ్డిలోంచి దోమలు లేస్తాయి. ముందు కొమ్మల మీద ఒదిగిన గువ్వల్లోకి పోతాయి, ఆ తర్వాత మన కోళ్ల మీదికి వస్తాయి. నువ్వు బొమ్మ గీసి చెప్పినప్పుడు తల ఊపాను గానీ నమ్మలేదు. ఇప్పుడు కళ్లారా చూశాను. ఆ జబ్బు పక్షి నుంచి దోమకు, దోమ నుంచి పక్షికి అలా తిరుగుతూనే ఉంటుంది. కోడికి ఏమీ కాదు, రక్తంలో గుర్తు మిగులుతుంది, అంతే. గుర్రంలోకి వస్తే మాత్రం అక్కడితో దాని దారి ఆగిపోతుంది, ఒక్కోసారి గుర్రం కూడా ఆగిపోతుంది.

రెండో ప్రశ్న, కోళ్లు ఎలా ఉన్నాయని. నాకంటే బాగా తింటున్నాయి. మీ అమ్మ రోజూ దెప్పుతోంది. నిన్న నేను గూడు ఊడుస్తుంటే, "ఏమయ్యా, నూరు ఆవుల్ని దక్షిణానికి తోలుకెళ్లి తోలుకొచ్చిన మగాడివి, కోడిపెంట ఎత్తుతున్నావా?" అంది. అదైనా నయం. బోరు దగ్గర నీళ్లకు నిలబడితే అందరి ముందూ పక్క మంద హామదెల్, "ఏం గెలాజో, నీ మంద ఈనిందా, గుడ్డు పెట్టిందా?" అన్నాడు. అందుకే మొదట్లో నీకు గట్టిగా చెప్పాను, ఈ కోళ్ల కాపలా మీ నాన్నదని నీ చదువు దగ్గర ఎవరికీ తెలియనివ్వొద్దని. అది గుర్తుంచుకో, మళ్లీ ఆ మాట దగ్గరికే వస్తాను.

నాలుగో ప్రశ్న ముందు తీసుకుంటాను. ఐదో నంబరు కోడి ఎప్పుడైనా గూడు దాటిందా అని అడిగావు. మూడోసారి తీసిన రక్తంలో గుర్తు దానికొక్కదానికే కనిపించిందనీ, జబ్బు మన గుంటకు వచ్చిన రోజు దాన్నిబట్టే తెలుస్తుందనీ, ఆ మాటే డకార్ పట్నంలో పెద్దల ముందు చెప్పబోతున్నాననీ రాశావు. ఎంత పొంగిపోయి రాశావో ఆ కాగితం మీద కనిపిస్తోంది. తల్లీ, ఐదో నంబరు కోడి గూడు దాటింది. నేనే దాటించాను.

రెండోసారి రక్తం తీసిన వారానికి మీ మామయ్య యేరో వచ్చాడు. నది నుంచి రెండు రోజుల నడక. అతనికి ఏదీ కోయకుండా సజ్జన్నం, పెరుగు పెట్టి పంపితే నేను ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? మేకలన్నీ మేతకు పోయాయి. గూడు ఎదురుగా ఉంది. చెయ్యి పెట్టాను, ఐదో నంబరు దొరికింది. మామయ్య మెచ్చుకుంటూ తిన్నాడు. అతను వెళ్లాక పన్నెండు ఉండాల్సిన చోట పదకొండు కనిపించేసరికి చేసిన పని తెలిసొచ్చింది. సంతకు పోయి ఒక చుక్కల కోడిని తెచ్చి, ఆ ఉంగరం దాని కాలికి తొడిగాను. అది నది పక్క బురదనేలల కోడి. అక్కడ నీటిపక్షులు వేలకొద్దీ దిగుతాయి. దాని రక్తంలో గుర్తు అక్కడిదే అయి ఉంటుంది. మన గుంటది కాదు.

ఇప్పుడు మూడో ప్రశ్న. ఎర్ర గుర్రాన్ని ఎక్కడ కట్టేస్తున్నావని అడిగి, వెంటనే గుంటకు దూరంగా ఇసుకదిబ్బ మీదికి తోలమన్నావు. తోలలేదమ్మా. నువ్వు భయపడింది నా దొంగకోడిని చూసే కదా, ప్రమాదం ఏముందిలే అనుకున్నాను. చూలుతో ఉన్న గుర్రం, మనకు నీళ్లు మోసే గుర్రం, రెండు వారాలు ఆ దోమల్లోనే నిలబడింది. ఈ ఉదయం బొకార్ చీటీ చదివాక గానీ నా తప్పు నాకు తెలియలేదు. ఆ రెండూ నా చేత్తో గింజలు తిన్న అసలు కోళ్లు. నా అబద్ధం అలా ఉండగానే నీ మాట నిజమైంది.

బొకార్‌కు అంతా చెప్పేశాను. అతను చేతిలో సూది పక్కన పెట్టాడు. తర్వాత, "బాబాయ్, కోడి కూర బాగుందా?" అన్నాడు. మీ అమ్మ నవ్వలేదు. పలుపు తీసుకుని గుర్రాన్ని విప్పింది. దిబ్బ దాకా ముగ్గురం దాని వెనక కాళ్లే చూస్తూ నడిచాం. ఒక్క అడుగు తడబడలేదు తాక్కో! పైకి ఎక్కగానే తల విదిలించి గడ్డి అందుకుంది. మీ అమ్మ దాని మెడ పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. బొకార్ దాని రక్తం కూడా తీశాడు. ఈ ఉత్తరంతో పాటు నీ దగ్గరికే వస్తోంది.

రెండూ తొమ్మిదీ దొరికాయి కదా, ఐదో దాని సంగతి ఎవరడుగుతారని మాట మింగేద్దామనుకున్నాను. కానీ అప్పుడు జబ్బు వచ్చిన రోజు తప్పుగా నిలిచిపోతుంది. నా అబద్ధం వల్ల నేను గుర్రాన్ని ఎలా వదిలేశానో, నువ్వు చెప్పే తప్పు రోజు నమ్మి రేపు ఇంకెవరో తమ గుర్రాన్ని అలా వదిలేస్తారు.

అందుకని డకార్‌లో ఐదో నంబరును కొట్టెయ్. ఎందుకు కొట్టేశావని అడిగితే దాచకు. గెలాజో అనే ఆవుల కాపరి దాన్ని చుట్టానికి వండి పెట్టాడని చెప్పు. మిగతా పదకొండింటినీ వానాకాలమంతా కాచిందీ అతనేననీ, అతను మా నాన్నేననీ కూడా చెప్పు. హామదెల్‌కు నేను ఈరోజే బోరు దగ్గర ఐదో కోడి సంగతితో సహా అంతా చెప్పేశాను.

ఇట్లు,
కోళ్ల కాపరి,
మీ నాన్న గెలాజో