కట్ట విప్పని పుస్తకాలు

సన్మాన సంఘం కన్వీనరు లక్ష్మీప్రసాద్ గారికి,
సీలేరు పైనున్న మా బడి నుంచి టీచరు నమస్కరించి రాసేది.

కొర్రా హేమలత గారి కొత్త బొమ్మల పుస్తకాలు మీ సంఘం నుంచి వచ్చి మూడు నెలలైనా కట్ట విప్పలేదేమని సంజాయిషీ అడిగారు. మా పిల్లలకు శ్రద్ధ లేదని కూడా రాశారు. శ్రద్ధ లేక కాదండీ. ఇక్కడ కొత్తల పండగ చేసి కొండదేవతకు పెట్టందే మామిడికాయ కూడా ఎవరూ కొరకరు. పుస్తకానికీ అదే పద్ధతి. కథ రాసి బొమ్మలు వేసిన హేమలత గారే, మా పిల్లలు అమ్మమ్మ అని పిలిచే ఆవిడే, ఏటా వచ్చి, అట్టకు పసుపు బొట్టు పెట్టి, మొదటి పేజీ చదువుతారు. ఆ తర్వాత పిల్లల్ని ఆపడం ఎవరి తరమూ కాదు. నిరుటి పుస్తకంలో ఎలుగుబంటి బొమ్మ వేళ్లు తగిలి తగిలి చెరిగిపోయింది.

మొన్న ఉండబట్టలేక నేనే కట్ట విప్పబోయాను. ఐదో తరగతి సోని నా చెయ్యి పట్టేసుకుంది.
"అమ్మమ్మ బొట్టెట్టనేదు కదా టీచరమ్మా, ఎలాగ సదివేత్తాం?"

ఆవిడ ఈ ఏడు రాకపోవడానికి కారణం ఆవిడకు మీరు తలపెట్టిన సన్మానమే. మంత్రిగారి తీరిక కోసం మూడుసార్లు వాయిదా వేశారు. "ఏ రోజైనా పిలుస్తాం, ఊరు కదలొద్దు" అని ఆవిడను కూర్చోబెట్టింది మీరే. శాలువా తర్వాత కప్పుదురుగాని, ముందు ఒక్క పూట ఆవిడను మా బడికి వదలండి.

ఈ పుస్తకం కోసమే మీరు అంత పెద్ద సభ పెడుతున్నారని చెబితే సోని ఒకటే అడిగింది.
"అయితే ఆ సారు సదివేరా టీచరమ్మా?"

ఏం చెప్పమంటారు?