సమ్సోను వెనక ఎడమ కాలు

1974 సెప్టెంబరు 9

మళ్ళీ అదే వాసన. మూడు రోజులైంది. పందికొక్కు ఏదైనా చచ్చిందేమోనని గుర్రపు సాలలో మూలమూలా వెతికాను. ఉలవల డబ్బా జరిపి చూశాను. ఏమీ లేదు. మురుక్కాలవ అనుకుందామంటే అది మన వైపు పారదు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా కుట్టుమిషను దాకా వస్తోంది. జనం ఇచ్చిన జాకెట్టు గుడ్డలకి పడుతుందేమోనని భయం.

నాన్నని అడిగాను. గుర్రం సమ్సోనుని జట్కా నుంచి విప్పుతూ, "ఏం వాసనమ్మా?" అన్నాడు.

సెప్టెంబరు 10

దొరికింది. సమ్సోను కాలిది. వెనక ఎడమ కాలు.

ఈగల్ని తోలుకోడానికి కాలెత్తి దించాడు. గుప్పుమంది. వంగి చూశాను. గిట్ట అడుగున మధ్యలో మెత్తగా, ముక్కోణంలా ఉంటుందే... దాని పక్క సందుల్లో నల్లటి జిగురు. పుల్లతో గీకితే ముద్దలా వచ్చింది.

"నాన్నా, ఇది చూడు." పుల్ల తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూశాడు. "బురదేనమ్మా. వాసనేం లేదు."

ముప్పై ఏళ్ళుగా జట్కా తోలుతున్నవాడు. బురదకీ కుళ్ళుకీ తేడా తెలియదా? లేక నా ముక్కుకే ఏదైనా అయిందా?

సెప్టెంబరు 11

ఇవాళా ఉంది. ఇవాళా లేదంటాడు.

సెప్టెంబరు 14

లాడాలు మార్చడానికి మస్తాన్ బాబాయి వచ్చాడు. ఆ కాలు ఎత్తీ ఎత్తగానే మొహం పక్కకి తిప్పుకున్నాడు. హమ్మయ్య, నా ముక్కు బాగానే ఉంది.

"ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నావు ప్రకాశం? నువ్వు వీధి చివర్నుంచే పసిగట్టేవాడివిగా!"

నాన్న కళ్ళెం తుడుస్తూ కూర్చున్నాడు, తుడిచిందే తుడుస్తూ. బాబాయి కత్తితో కొంత చెక్కి, తారు పూసి వెళ్ళాడు. పరిశుభ్రంగా ఉంచమన్నాడు.

శుభ్రం నా చేతిలో పని. రేపట్నుంచి చూడాలి.

సెప్టెంబరు 17

పొద్దునా సాయంత్రం సాల కడుగుతున్నాను, బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి, ఫినాయిలు వేసి. మా ఇల్లు కూడా ఇంత శుభ్రంగా లేదు. ఉప్పు వేసిన వేణ్ణీళ్ళతో కాలు కడిగి, తడిగుడ్డ చుట్టి కడుతున్నాను. పనిలేనివాళ్ళని గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నావా అంటారు. నేను కళ్ళున్న గుర్రానికి కాళ్ళు తోముతున్నాను.

నాన్న తన పని తాను. బడి పిల్లల్ని దింపి రాగానే సమ్సోనుని బందరు కాలువలో మోకాళ్ళ లోతున నిలబెట్టడం. ఒక గంట. వర్షమొచ్చినా మానడు. "పగలంతా తారురోడ్డు మీద కొట్టుకున్న కాళ్ళమ్మా. చల్లబడకపోతే వాటి ఉసురు తగుల్తుంది."

సెప్టెంబరు 18

నోరు జారాను.

ఎంత కడిగినా వాసన పెరుగుతోంది. అన్నాను. లేదన్నాడు. "నువ్వు అబద్ధం ఆడుతున్నావు నాన్నా. కాలు బాగోలేదంటే బండి ఆపాల్సొస్తుందని." అలా అనకుండా ఉండాల్సింది. అమ్మ ఉంటే చెంప మీద ఒకటి ఇచ్చేది.

నాన్న అన్నం తిన్నాడు. చేపల పులుసులో మెంతులు మాడిపోయాయి, నాకే తినబుద్ధి కాలేదు. ఎలా ఉందంటే, బాగుందమ్మా, అన్నాడు. కోపంతోనా, ప్రేమతోనా? ఈ మనిషి నాకు అర్థం కావడం లేదు.

సెప్టెంబరు 22, ఆదివారం

గుడిలో పాట పాడుతుంటే కూడా ఆ కాలే. ప్రార్థనలో గుర్రం గురించి అడగొచ్చా? అడిగాను.

ఒక సంగతి తేలడం లేదు. వేసవిలో వీడికి ఏ జబ్బూ లేదు. అప్పుడు నేను సాల వారానికోసారి కూడా కడగలేదు. పట్టించుకోకపోతే బాగున్నాడు. పట్టించుకుంటుంటే కుళ్ళుతున్నాడు. ఇదేం లెక్క?

సెప్టెంబరు 25

కుంటుతున్నాడు. పటమట సెంటరు దగ్గర ఆగిపోయాడట. పిల్లలు దిగి నడిచారు.

బడి నడిపే మదర్ గారు నాన్నని పిలిపించారు. దసరా సెలవుల దాకా పిల్లలకి రిక్షాలు చూసుకుంటారట. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు జట్కా వస్తే సరే, రాకపోతే ఇక రిక్షాలే. "కోప్పడలేదమ్మా, మర్యాదగానే చెప్పారు" అన్నాడు. కోప్పడినా బాగుండేది. ఆ బడికెళ్ళిన రెండు తరాల పిల్లలు ఆయన చేతుల మీదుగానే పెరిగారు.

సెప్టెంబరు 28

పశువుల ఆసుపత్రి. నడిపించే తీసుకెళ్ళాం, ఆగుతూ ఆగుతూ.

కుర్ర డాక్టరు గారు. కాలు ఒళ్ళో పెట్టుకుని చెక్కుతూ, ఆ ముక్కోణాన్ని ఇంగ్లీషులో కప్ప అంటారన్నారు. గుర్రం కాలి కింద కప్ప ఏమిటో! గాలి తగలక, తడి ఆరక కుళ్ళు పట్టిందట. ఇంకా లోపలికి పోయి ఎముకని అందుకుంటే ఇక ఈ గుర్రం నడవదన్నారు. మామూలుగానే చెప్పారు, రేపు వాన పడొచ్చు అన్నట్టు.

"రోజూ నీళ్ళలో ఏమైనా నిలబెడతారా అండీ?"

"గంటండీ. ఒక్కరోజు కూడా మాననండీ" అన్నాడు నాన్న, గర్వంగా.

డాక్టరు గారు కత్తి కింద పెట్టారు. నా వైపు చూశారు. "మీరేం చేస్తున్నారమ్మా?" రెండు పూటలా కడుగుతున్నానన్నాను. తడిగుడ్డ సంగతీ చెప్పాను.

ఇద్దరం కలిసి నానబెట్టాం వాణ్ణి. వేసవిలో ఎందుకు బాగున్నాడో ఇప్పుడు తెలిసింది. అప్పుడు కాలువలు కట్టేస్తారు. నీళ్ళుండవు.

చిన్నప్పట్నుంచీ కడిగితే శుభ్రం అని నేర్చుకున్నాను. ఇప్పుడు కడగకపోవడమే శుభ్రమట.

అక్టోబరు 1

సాలలో తడిమట్టి తవ్వి బయట పోశాం. ఇటుకముక్కలు, పైన ఇసుక, ఆపైన ఎండు ఊక. తడిసిన చోటు తడిసినట్టే తీసి పారేయాలి. కాలు రోజుకోసారి కొక్కెంతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, మైలుతుత్తం అద్దిన దూది సందుల్లో కూరాలి. పైన కొంచెం తారు. నా వేళ్ళు నీలంగా తిరిగాయి. జాకెట్లు ఇచ్చేటప్పుడు చేతులు వెనక్కి దాచుకుంటున్నాను.

మిగతా మూడు కాళ్ళూ కూడా చూడాలట, జబ్బు రాకముందే.

అక్టోబరు 7

రాయబుద్ధి కావడం లేదు. రాయాలి.

పాలు స్టవ్వు మీద పెట్టి బజారుకి వెళ్ళాను, చూస్తుండమని నాన్నకి చెప్పి. దారిలో మాటలు, ఆలస్యం. వచ్చేసరికి గుమ్మం దాకా మాడు కంపు. గిన్నె నల్లగా, అడుగంటి. దానికి నాలుగడుగుల దూరంలో, స్టవ్వుకి వీపు పెట్టి నాన్న బైబిలు చదువుకుంటున్నాడు. ప్రశాంతంగా.

"నాన్నా, పాలు!"

ఉలిక్కిపడి లేచాడు. గిన్నె చూశాడు. నన్ను చూశాడు. ఆ చూపులో అంతా తెలిసిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ అప్పుడొచ్చిన జ్వరం నుంచమ్మా. ముక్కు మూసుకుపోయింది, తర్వాత తెరుచుకోలేదు. పోతుందిలే అనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"గుర్రం జబ్బు ముందు పట్టేది ముక్కే కదమ్మా. ముక్కు లేనివాడి చేతిలో గుర్రం ఉంచుతారా ఎవరైనా? నీకు తెలిస్తే నన్ను బండి మీంచి దింపేస్తావనుకున్నా."

అబద్ధం ఆడుతున్నావన్నాను నేను. ఆడాడు, నిజమే. కానీ నేననుకున్న అబద్ధం కాదు. తొమ్మిది నెలలుగా నా వంట ఏదీ వాసన తెలియకుండా తిని, బాగుందమ్మా అన్నాడు. కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన నా తల నిమిరాడు. ఎవరు ఎవర్ని ఓదార్చాలో.

అక్టోబరు 9

కొత్త పద్ధతి. సాయంత్రం నాన్న కాలెత్తి ఒళ్ళో పెట్టుకుంటాడు. దూది తీసి, "చూడమ్మా" అంటాడు. నేను వంగి వాసన చూసి చెప్పాలి. చేతులు ఆయనవి, ముక్కు నాది.

"ఉంది."

"ఎంత?"

ఎంత అంటే ఏం చెప్పను? నిన్నటంత, అన్నాను.

అక్టోబరు 14

అయిదవగానే సమ్సోను కాలువ వైపు లాగుతున్నాడు. అలవాటు. నాన్న పగ్గం బిగపట్టి, గట్టు మీద పొడిదారినే నడిపించుకొస్తున్నాడు. ఇవాళ చూడబోయాను. గుర్రాన్ని చెట్టుకి కట్టి, తను రేవు మెట్ల మీద కూర్చుని రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టుకున్నాడు. వాడు ఆ నీళ్ళ వంకే చూస్తున్నాడు.

"వాడికి అర్థం కాదమ్మా. ఏం తప్పు చేశానని అనుకుంటాడు."

అక్టోబరు 19

తగ్గింది! నిన్నటికంటే తగ్గింది. జిగురు లేదు. కుంటడం కూడా చాలావరకు లేదు. నాన్న నవ్వాడు. నేను తగ్గిందంటేనే ఆయనకి తగ్గినట్టు. అదే భయం.

అక్టోబరు 23

ముసురు. మూడు రోజులు. ఊక ఎండబెట్టే చోటు లేదు. ఇంట్లో, మిషను పక్కన పరిచాను. కుట్టిన ప్రతి గుడ్డలోనూ ఊక.

అక్టోబరు 24

"ఉందా?" — "కొంచెం." — "కొంచెం అంటే?" — "తెలియడం లేదు నాన్నా."

అక్టోబరు 27, ఆదివారం

రేపు బడి తెరుస్తారు. ముసురు తగ్గి ఎండొచ్చింది. ఆసుపత్రికి సెలవు. మస్తాన్ బాబాయి మైలవరంలో, కూతురింట్లో.

"రేపు పొద్దున నువ్వు చూసి చెప్పు. లేదంటేనే బండి కడతా. ఉందంటే కట్టను" అన్నాడు. తేలిగ్గానే అన్నాడు.

విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. కప్ప ఉండనే ఉంది.

అక్టోబరు 28, పొద్దున

బండి తుడిచి పెట్టాడు. పిల్లలు కూర్చునే చోట ఉతికిన గోనె. తెల్ల చొక్కా వేసుకున్నాడు. కాలెత్తి ఒళ్ళో పెట్టుకుని — "చూడమ్మా."

దూది తీశాను. పొడిగా ఉంది. కొక్కెంతో నొక్కినా సమ్సోను కదల్లేదు. వంగాను. తారు. ఊక. దాని వెనక, మడమ వైపు సందులో... ఏదో ఉంది. లేక నెలన్నర పీల్చి పీల్చి నా ముక్కులోనే ఉండిపోయిందా? మళ్ళీ వంగాను. లేదు. మళ్ళీ. ఉంది.

ఉందంటే ఆ పిల్లలు రిక్షా ఎక్కుతారు, ఇక ఎప్పటికీ రిక్షాయే. లేదన్నాక తీరా ఉంటే, డాక్టరు గారు చెప్పిన ఎముక.

చేతికి తారు వాసన, కడుక్కొచ్చి మళ్ళీ చూస్తానని లోపలికి వచ్చాను. సబ్బుతో కడిగాను. ఇప్పుడు సబ్బు తప్ప ఇంకేమీ తెలియడం లేదు. అది పోయేదాకా ఇది రాస్తున్నాను. ఏడు దాటింది. కిటికీలోంచి కనబడుతున్నాడు. నడుం నొప్పి మనిషి, కాలు ఇంకా దించలేదు. మధ్యలో ఒకసారి, నేను చూడటం లేదనుకుని, తనే వంగి గట్టిగా గాలి పీల్చి చూశాడు. తల అడ్డంగా ఊపుకున్నాడు.

"ఏమంటావు రూతమ్మా?"

వస్తున్నా నాన్నా.