ఇద్దరు సాక్షులు, ఒక పవర్ సప్లై

2వ తేదీ, సోమవారం

ఉదయం 9.40. కంప్యూటర్ 'టప్' మంది. స్క్రీన్ నల్లబడింది. వెనకవైపు నుంచి కాలిన వాసన. మంట లేదు. ఎవరికీ గాయాలు లేవు.

మా ఆవిడ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. నా వైపు చూసింది. అది మంచి లక్షణం కాదు.

9.55. పోయింది పవర్ సప్లై. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి లోపలి భాగాలకు పంచే ఇనప డబ్బా. పద్నాలుగు నెలల్లో ఇలా పోవడం ఇది రెండోసారి. రెండూ కొన్నది నేనే. మొదటిది, ఫ్యానులో నీలం లైట్లు వెలుగుతున్నాయని. రెండోది, "దీనికి తిరుగులేదు సార్" అని షాపువాడు అన్నాడని.

నేను ఇన్సూరెన్స్ సర్వేయర్ని. ఫ్యాక్టరీల్లో మిషన్లు కాలిపోతే వెళ్లి, ఎందుకు కాలాయో చూసి రిపోర్టు రాస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని.

"ఈ రిపోర్టు మీరే రాసుకుంటారా, ఇంకొకర్ని పంపిస్తారా?" అంది ఆవిడ.

పరిస్థితి: ఆవిడ భవనాల ప్లాన్లు గీస్తుంది. ఇన్నాళ్లూ వేరే వాళ్ల సంతకం కింద గీసింది. తన పేరు మీద వచ్చిన మొదటి పని ఇది. ఆరు గదుల ప్రాథమిక బడి. మొత్తం పదకొండు షీట్లు. 11వ తేదీ బుధవారం సాయంత్రం ఐదింటికి బడి కమిటీకి అందాలి. అందకపోతే పని వరసలో రెండో మనిషికి పోతుంది.

గీసినవి పోలేదు. రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంది. ఆ అలవాటు నా దగ్గర నేర్చుకున్నది కాదు.

మా బావమరిది తన లాప్‌టాప్ ఇచ్చి వెళ్లాడు. నాలుగు షీట్లు తెరిస్తే ఐదోదానికి ఆయాసపడుతుంది.

సాయంత్రం 6.00. ఇకపై ఊరికే కొనడం లేదు! నిర్ణయాలు:

1. శుక్రవారం దాకా కొనను. ముందు విచారణ, తర్వాతే బేరం.
2. ఏ మాటనైనా ఇద్దరు స్వతంత్ర సాక్షులు చెప్తేనే నమ్ముతాను. ఆఫీసులో ఇదే రూలు.
3. లైట్లవైపు చూడను.
4. బావమరిది మాట వినను.

ఆవిడకి చదివి వినిపించాను.

"నాలుగోది మొదట పెట్టండి" అంది.

సొంత తమ్ముడు!

3వ తేదీ, మంగళవారం

కొత్త నోటుబుక్కు. అట్టమీద 'విచారణ' అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. మనసు తేలికపడింది. సగం పని అయిపోయినట్టే.

11.15. మెట్ల కింద రిపేరు షాపు. ఆ మెకానిక్‌ని వీధిలో అందరూ డాక్టరంటారు. కంప్యూటర్‌కి చెవి ఆనించి వింటాడు కాబట్టి. మా పవర్ సప్లైకి కూడా ఆనించాడు.

"పోయింది సార్."

"పోయిందనే తెచ్చాను."

"నిన్న పోయింది."

"అదీ తెలుసు. ఎందుకు పోయింది?"

"టైమొచ్చింది సార్."

ఈ ముక్క రిపోర్టులో రాస్తే నా ఉద్యోగానికి టైమొస్తుంది.

బల్ల మీద రెండు కొత్తవి ఉన్నాయి. చెరో చేత్తో ఎత్తి చూశాను. ఒకటి తేలిక, ఒకటి బరువు. బరువున్నదాంట్లో సరుకు ఉంటుందేమో అన్నాను, మాటవరసకి. "రోజూ మిషన్లు చూసేవారు, మీకు తెలీదా సార్" అన్నాడు డాక్టరు. ఏమీ కొనకుండా వచ్చేశాను. నిగ్రహం!

4వ తేదీ, బుధవారం

సెలవు పెట్టాను. 41 మోడళ్లతో పట్టిక వేశాను. గడులు: వాట్లు, వారంటీ, పొడవు, ఫ్యాను సైజు, కేబుళ్లు, రంగు. రంగు ఎందుకంటే పేజీలో చోటు మిగిలింది.

ఒక నిజం తేలింది. డబ్బాల మీద వెండి, బంగారం అని ముద్రలుంటాయి. నాణ్యతకి గుర్తనుకున్నాను. కాదు. కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్తాయి, అంతే. డబ్బా ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పవు. ఇద్దరు సాక్షులు దొరికారు. నమోదు చేశాను.

3.00. "ఎన్ని తేల్చారు?" అంది ఆవిడ.

"తేల్చడం ఇంకా లేదు. కొట్టెయ్యడం మొదలైంది."

"ఎన్ని కొట్టేశారు?"

"రెండు. రంగు నచ్చలేదు."

4.10. లాప్‌టాప్ బిగుసుకుపోయింది. మెట్ల షీటులో సగం గల్లంతు. పై అంతస్తుకి దారి లేదు. ఆవిడ లేచి ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ మొదటి మెట్టు నుంచి గీసింది. నేను పట్టిక మడిచి పెట్టాను.

5వ తేదీ, గురువారం

కొన్నవాళ్ల అభిప్రాయాలు 63 చదివాను. ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి "ఇంకా డబ్బా విప్పలేదు, కానీ చాలా బాగుంది" అని రాశాడు. ఇంకొకాయన ఒక నక్షత్రమే ఇచ్చాడు. కారణం, తెచ్చిన మనిషి బెల్లు కొట్టలేదట. సాక్ష్యాలన్నీ కొట్టేశాను.

విచారణకి ఇంకో వారం ఉంటే బాగుండేది. తొందరపెడితే ఏ విచారణైనా ఇంతే. ఇది సాకు కాదు. అనుభవం.

5.30. బావమరిది వచ్చాడు. ఫోన్ల కంపెనీలో సేల్స్. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"బావా, నువ్వు ఆ కాగితాలన్నీ పక్కన పెట్టు. బరువు చూడాలి. బరువే అసలు పాయింటు."

"నీకేం తెలుసురా?"

"నేను వాకబు చేశాను బావా. అనుభవం ఉన్నవాళ్ల మాట ఇది."

నాలుగో నిర్ణయం ప్రకారం వినకూడదు. కానీ వినబడింది. విననని రాశాను గానీ చెవుల్లో దూది పెట్టుకుంటానని రాయలేదుగా. ఒకటో సాక్షి.

6వ తేదీ, శుక్రవారం

గడువు రోజు!

10.20. డాక్టరు షాపు. ఏమీ చెప్పకుండా అడిగాను. సాక్షికి మాట అందించకూడదు.

"మంచి పవర్ సప్లైని ఎలా గుర్తుపట్టాలి?"

"బరువు సార్" అన్నాడు తడుముకోకుండా. "పెద్ద పెద్ద మిషన్లు చూసినవాళ్ల మాట సార్ ఇది. ఆషామాషీ వాళ్లు కాదు."

రెండో సాక్షి! ఇద్దరిదీ ఒకే మాట. ఒకళ్లు సేల్సు, ఒకళ్లు రిపేరు. ఇంతకన్నా స్వతంత్రం ఏముంటుంది? రూలు రూలే.

10.50. ఇంటికెళ్లి వంటింట్లో పిండి తూచే చిన్న తూకం తెచ్చాను. షాపులో ఉన్న ఏడింటినీ తూచాను. వెనక నిలబడినవాళ్లు నన్ను కూరగాయలవాడి కింద జమకట్టారు. అన్నిటికన్నా బరువైనది రెండు కిలోల నూట పది గ్రాములు. అదే తీసుకున్నాను.

దానికి లైట్లున్నాయి. రంగులు మారతాయి. నేను చూడలేదు. అవే కనబడ్డాయి.

12.30. బిగించాను. ఆన్ చేశాను. వెలిగింది!

"ఇద్దరు సాక్షులు" అన్నాను ఆవిడతో.

"లైట్లెందుకు?" అంది.

7వ తేదీ, శనివారం

ఆవిడ ఒక్కరోజులో రెండు షీట్లు పూర్తి చేసింది. తొమ్మిది అయ్యాయి. పదోది పైకప్పు వాననీటి షీటు, పదకొండోది మొత్తం భవనం బొమ్మ.

పనిచేస్తూ కూనిరాగం తీసింది. ఆ రాగం నా ఖాతాలో వేసుకున్నాను.

8వ తేదీ, ఆదివారం

ఫ్యాను చప్పుడు చేస్తోంది. కొత్తది కదా, సర్దుకుంటుంది. డబ్బా మీద చెయ్యి ఆనిస్తే వేడి. పనిచేసేది ఏదైనా వేడెక్కుతుంది. నేనూ వేడెక్కుతాను. ఆవిడతో ఈ మాట అంటే, "మీరు పనిచెయ్యకుండానే వేడెక్కుతారు" అంది.

మధ్యాహ్నం ఒకసారి దానంతటదే ఆఫ్ అయింది. ఒక్కసారే. నమోదు చెయ్యడం లేదు.

(చేశాను.)

9వ తేదీ, సోమవారం

11.20. మొత్తం భవనం బొమ్మ తెరిచింది. ఆఫ్. మళ్లీ ఆన్. మళ్లీ తెరిచింది. ఆఫ్. మూడోసారి వెలగలేదు. ఉదయం నుంచి గీసిన వాననీటి షీటు పోయింది.

ఆవిడ అరవలేదు. "ఎల్లుండి ఐదింటికి" అంది. అంతే.

12.00. డాక్టరు షాపు. ఆయన మూత విప్పాడు. లోపల ఉండాల్సిన భాగాల్లో సగం లేవు. అడుగున మాత్రం ఒక ఇనప దిమ్మ, జిగురుతో అంటించి ఉంది. దేనికీ కలపలేదు. తూకానికి పెట్టారు. ఊడదీసి తూచాను. 640 గ్రాములు.

ఆరువందల వాట్లని డబ్బా మీద రాశారు. పెద్ద బొమ్మ తెరిస్తే అది ఇవ్వలేక చేతులెత్తేసింది.

విచారణ అప్పుడు మొదలైంది. అసలుది.

"బరువు చూడాలని నీకెవరు చెప్పారు?"

"అదేంటి సార్, మీరేగా! మంగళవారం. రెండు చేతుల్లో రెండు పట్టుకుని."

బావమరిదికి ఫోన్ చేశాను.

"నీకెవరు చెప్పార్రా?"

"డాక్టరు, బావా. ఎవరో పెద్ద సర్వేయర్ చెప్పాడట."

నోటుబుక్కులో మంగళవారం పేజీకి తిప్పాను.

"బావా... అది నువ్వేనా?"

పంతొమ్మిదేళ్లలో ఎంతోమంది సాక్షుల అబద్ధాలు పట్టుకున్నాను. నా మాటే చొక్కా మార్చుకుని రెండు గుమ్మాల్లోంచి ఇంటికొస్తే, లేచి కుర్చీ వేశాను.

ఇంటికొచ్చి ఆవిడకి అంతా చెప్పాను. దాచలేదు. ఆవిడ ముందు దిమ్మ వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత లాప్‌టాప్ తెరిచి, పెన్‌డ్రైవ్‌లో మిగిలిన వాననీటి షీటు ముక్క బయటికి తీసి, గొట్టాలు గియ్యడం మొదలుపెట్టింది.

10వ తేదీ, మంగళవారం

8.30. ఆవిడ ఒక చిన్న కాగితం ముక్క తీసుకుంది. మా కంప్యూటర్‌లో ఏ భాగం ఎన్ని వాట్లు లాగుతుందో రాసి కూడింది. మూడువందల ముప్ఫై వచ్చింది. దానికి సగానికి పైగా కలిపి, ఐదువందల యాభై అని రాసింది. కింద ఇంకో రెండు ముక్కలు: ఏడేళ్ల వారంటీ, ఊళ్లో సర్వీస్ సెంటర్. విప్పి లోపలి భాగాలు చూపించి, నిండు లోడు పెట్టి కొలిచినవాళ్ల రిపోర్టు ఒకటి వెతికి చదివింది. నా 41 మోడళ్ల పట్టిక అడిగి తీసుకుంది. పొంగిపోయాను. వెనకవైపు తెల్లకాగితం బాగుందని లెక్క అక్కడ ఎత్తి రాసుకుంది.

8.52. ఇరవై రెండు నిమిషాలు. అయిపోయింది.

"నీకెవరు చెప్పారు ఇవన్నీ?" అన్నాను. వృత్తి ధర్మం.

"ప్రతి భాగం మీదా రాసే ఉంటుందండీ. చదివాను."

11.40. కొత్తది బిగించింది. నల్ల డబ్బా. లైట్లు లేవు. మొత్తం భవనం బొమ్మ తెరిచింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఒక నిమిషం. ఐదు. పది. ఫ్యాను చప్పుడు కూడా లేదు.

సాయంత్రానికి పదో షీటు పూర్తి. పదకొండోది మూడొంతులు.

11వ తేదీ, బుధవారం

2.15. పదకొండు షీట్లు సిద్ధం.
3.05. ప్రింటు షాపు. క్యూలో మేం నాలుగోవాళ్లం.
4.20. ప్రింట్లు చేతికొచ్చాయి. గొట్టంలా చుట్టి నేను పట్టుకున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని అదే.
4.41. బడి. కమిటీ గుమస్తా గడియారం చూసి, ముద్ర వేసి, "ప్లాన్ ఎవరి పేరు మీద?" అన్నాడు. నా వైపు చూసి అన్నాడు.

"నా పేరు మీద" అంది ఆవిడ.

13వ తేదీ, శుక్రవారం

10.30. కమిటీ ఫోన్. ప్లాన్ ఒప్పుకున్నారు! వాననీటి గొట్టాలు కాస్త వాలుగా పెట్టమన్నారు, అంతే. పై నెలలో బడికి లైబ్రరీ కూడా కట్టాలట. అదీ గియ్యమన్నారు.

ఆవిడ ఫోన్ పెట్టేసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నేను కంగారుపడ్డాను. నవ్వుతోంది.

4.00. లైబ్రరీ పెద్ద పని కాబట్టి, మధ్యలో కరెంటు పోయినా కంప్యూటర్ ఆగకుండా బ్యాటరీ పెట్టె ఒకటి కావాలంది.

నేను గొంతు సవరించుకున్నాను. "దీనికి మాత్రం పకడ్బందీగా విచారణ చేద్దాం. వచ్చే శుక్రవారం దాకా టైమివ్వు."

"చెయ్యండి. నిదానంగా చెయ్యండి. ఎవరు తొందరపెట్టారు?" అంది. "పెట్టె రేపు పొద్దున వస్తోంది."

6.00. ఇంత ప్రశాంతంగా విచారణ చేసే అవకాశం పంతొమ్మిదేళ్లలో ఒక్కసారీ రాలేదు. కొత్త పేజీ. నిర్ణయాలు:

1. వచ్చే శుక్రవారం దాకా కొనను.
2. సాక్షులు ముగ్గురు. ప్రతి ఒక్కరినీ ముందు అడగాల్సిన ప్రశ్న: నీకెవరు చెప్పారు?
3. విచారణ ముగిసేదాకా నేను ఎవరితోనూ మాట్లాడను.

6.10. బావమరిది ఫోన్. ఎత్తాను.